వయసుకో వేషం

పామర్రు కూడలి నుంచి చల్లపల్లి దారి పట్టి కొద్ది కిలోమీటర్లు వెళితే కూచిపూడి వస్తుంది. మొవ్వ మండలంలోని ఆ ఊరు ఇప్పుడు పామర్రు అసెంబ్లీ నియోజకవర్గంలోనే ఉంది. కూచిపూడి అనగానే మన కళ్లముందు మెదిలేది జరీ కుచ్చెళ్లతో, కాలి గజ్జెలతో, ఇత్తడి పళ్లెం అంచున నిలబడ్డ పదిహేనేళ్ల అమ్మాయి. ఆ బొమ్మ నిజమే కానీ, అది పాతది కాదు. గత శతాబ్దం నడిమి కాలం నుంచే అది మన మనసుల్లో పాతుకుంది. అంతకుముందు కొన్ని వందల ఏళ్లు కూచిపూడి అంటే ఊరూరా తిరిగి తెల్లవార్లూ ఆడే భాగవతుల మేళం. ఆ మేళంలో పసివాళ్లు, పడుచువాళ్లు, నడివయసు వాళ్లు, తల నెరిసినవాళ్లు కలిసి నడిచేవారు. ఎవరి వయసుకు తగిన పని వాళ్లకుండేది. అన్నిటికన్నా పెద్ద బాధ్యత, దానితో వచ్చే గౌరవం వయసు ముదిరినవాడికే దక్కేవి. చిన్నతనం పోయిందని బెంగపడుతూనో, రేపెప్పుడో తీరిక దొరుకుతుందని ఎదురుచూస్తూనో నడివయసును గడిపేస్తున్న మన కాలానికి ఈ మేళం చరిత్ర చెప్పే మాట ఒకటుంది. పెద్దతనం అంటే బాల్యం పోగా మిగిలిన శేషం కాదు. దాని ఫలాలు దానికున్నాయి. అవి చేతికందేది మాత్రం ఆ వయసులో మనసు పెట్టి బతికేవాళ్లకే.

కూచిపూడి భాగవతుల ఊసు తొలిగా వినిపించేది మాచుపల్లి కైఫీయతులో. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన స్థానిక చరిత్రల్లో అదొకటి. సిద్ధవటం సీమను ఏలుతున్న సంబెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్లని కూడా చూడకుండా జనాన్ని హింసిస్తున్న సంగతిని వీళ్లు విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట వేషం కట్టి ఆడి చూపారని ఆ కైఫీయతు చెబుతుంది. అది 16వ శతాబ్దం తొలి ఏళ్ల మాట. ఒక పాలకుడి దుర్మార్గాన్ని మరో పాలకుడి ముందు, ఆటలో చెప్పీ చెప్పనట్టు చెప్పి ఒప్పించడం కాలూ చేయీ ఆడించడం వచ్చినంత మాత్రాన అయ్యే పని కాదు. సభ తెలియాలి, సమయం తెలియాలి, ఎక్కడ ఆపాలో తెలియాలి. ఆ తర్వాత గోల్కొండ చివరి సుల్తాను, 1672 నుంచి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా, ఈ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడన్న ప్రతీతి ఉంది. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్ల కుటుంబాలు తరతరాలుగా ఈ విద్యను కాపాడుకొచ్చాయి. వాళ్లందరూ తలుచుకునే మూలపురుషుడు సిద్ధేంద్రయోగి. ఆయన కృష్ణ దాటుతూ నడి ఏట్లో వరదకు చిక్కి, బతికితే సన్యసిస్తానని మొక్కుకుని ఆపత్సన్యాసం పుచ్చుకున్నాడని కథ. ఆయన కాలం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు గానీ, ఆయన పెట్టాడని చెప్పే కట్టుబాటు మీద ఊళ్లో ఎవరికీ సందేహం లేదు. కూచిపూడి భాగవతుల ఇంట పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలి.

ఈ కట్టుబాటును ఒక మొక్కుబడిగా చూసి వదిలేస్తే అందులోని ఆలోచన మనకు అందదు. మేళంలో పిల్లవాడికి ప్రహ్లాదుడి వేషం, లోహితాస్యుడి వేషం ఉన్నాయి. వాటికి కావలసింది పసితనమే, అది వాడికి పుట్టుకతోనే ఉంది. సత్యభామ వేషానికి పుట్టుకతో వచ్చేది ఏదీ చాలదు. భామాకలాపంలో కథ చిన్నది. అద్దం ముందు నిలబడి ఎవరు అందగాళ్లన్న మాట మీద సత్యకూ కృష్ణుడికీ తగువు వస్తుంది, ఆయన అలిగి వెళ్లిపోతాడు. తర్వాత నడిచేదంతా ఆమె గర్వం కరగడం, విరహం, పశ్చాత్తాపం, మళ్లీ పొందు. ఇది పెళ్లయిన మనుషుల కథ, కలిసి బతికేటప్పుడు మనసులు ఎక్కడ బెట్టు చేస్తాయో, ఎక్కడ లొంగుతాయో తెలిసినవాళ్ల కథ. భర్త పేరు నోటితో చెప్పడానికి సిగ్గుపడుతూ గుర్తులతో చెలికత్తె మాధవికి తెలియజెప్పే ఘట్టం ఉంది. ఆయనను తీసుకొచ్చి పెడితే ఏమిస్తావని మాధవి బేరం పెట్టి, చివరికి ఆమె ముక్కెరకే ఎసరు పెట్టే ఘట్టం ఉంది. కృష్ణుడికి లేఖ రాసే ఘట్టం ఉంది. ఆ సిగ్గులో అహంకారం కొంత మిగిలి ఉండాలి, ఆ బేరంలో తొందర దాచుకోవాలి, ఆ లేఖలో అలక మాటున ప్రార్థన వినపడాలి. ఇవన్నీ ఒకే ముఖం మీద ఒకదాని వెంట ఒకటి పలికించడం పదహారేళ్ల కుర్రవాడికి పాఠంగా వస్తుంది, అనుభవంగా రాదు. అందుకే మొక్కు తీర్చే భామ వేషం ఎవరైనా కట్టారు, భామ వేషానికి పేరు తెచ్చినవాళ్లు మాత్రం దాన్ని ఏళ్ల తరబడి మోసి పండించినవాళ్లు.

భామ ప్రవేశాన్ని దగ్గర నుంచి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఇద్దరు మనుషులు అడ్డుతెర పట్టుకుని నిలబడతారు. కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేచి తెర మీద వెలుగు పడుతుంది. ముఖం కనపడకముందే తెర మీదుగా పొడుగాటి జడ ఇవతలికి వచ్చి పడుతుంది. సూర్యచంద్రులు, నాగరం, కుప్పెలు అమర్చిన ఆ జడ అలంకారం మాత్రమే కాదు, సవాలు. ఈ విద్యలో నన్ను గెలవగలవారు ఎవరైనా సభలో ఉంటే ఈ జడ కోసేయవచ్చన్నది దాని అర్థమని భాగవతుల నమ్మకం. శాస్త్రం తెలిసినవాళ్లు ఏదైనా అడిగితే నిలబడి జవాబు చెప్పాలి. అడుగుల విద్య పదేళ్లలో వస్తుందేమో, సభ ముందు నిలిచే నిబ్బరం రావడానికి బతుకు చాలా పాఠాలు చెప్పాలి. తెర వెనక నిలబడ్డ నటుడు నిన్నటి ఊళ్లో దొరికిన మెప్పు మీద బతకలేడు, రేపటి ఊళ్లో దొరకబోయే సంభావన మీదా బతకలేడు. ఆ రాత్రి ఆ సభే అతని పరీక్ష.

ఇక సూత్రధారుడి సంగతి. ఒక పాత్రతో సరిపెట్టుకునే పని కాదు అతనిది. తాళం అతని చేతిలో ఉంటుంది, దరువు అతని గొంతులో లేస్తుంది. పాత్రలను ప్రవేశపెట్టేది, కథ ఒక ఘట్టం నుంచి మరో ఘట్టానికి దాటేటప్పుడు సంధి కుదిర్చేది అతనే. భామాకలాపంలో మాధవిగా మారి సత్యభామతో సంవాదం నడిపేదీ అతనే. పాటలు కట్టినవే అయినా, మధ్యలో వచ్చే వచనం చాలావరకు అప్పటికప్పుడు అల్లుకునేది. ఆ ఊరి మాటలు, ఆ పూట సంగతులు అందులోకి వస్తాయి. అర్ధరాత్రి దాటాక జనం కునికిపాట్లు పడుతుంటే హాస్యం పెంచుతాడు, జనంలో పండితులుంటే శాస్త్రం ఎత్తుకుంటాడు, పిల్ల నటుడు మాట మరిచిపోతే ఎవరికీ తెలియకుండా అందిస్తాడు. ఇది ఎవరికి సాధ్యం? చిన్నప్పుడు ప్రహ్లాదుడై, పడుచుతనంలో భామయై, అందరి పాత్రలూ ఒకనాడు తానే కట్టి వచ్చినవాడికి. దాటి వచ్చిన వయసులన్నీ అతనిలోనే ఉంటాయి. వాటిని తలుచుకుంటూ కూర్చోడు, ఆ నిమిషానికి కావలసినదాన్ని బయటికి తీసి వాడుకుంటాడు. ప్రస్తుతంలో బతకడం అనే మాటను మనం ఈమధ్య గతాన్నీ భవిష్యత్తునూ మరిచిపోవడంగా అర్థం చేసుకుంటున్నాం. సూత్రధారుడు చూపించే అర్థం వేరు. తెలిసినదంతా ఇప్పుడు ఎదురుగా ఉన్న మనుషుల కోసం ఖర్చు పెట్టడమే ప్రస్తుతంలో బతకడం.

ఈ సీమలో పెద్దతనానికి ఇంత విలువ రావడానికి కళ ఒక్కటే కారణం కాదు. మనిషి పెద్దవాడు కావడమే ఇక్కడ ఒకప్పుడు గొప్ప భాగ్యం. 1832–33లో వచ్చిన నందన కరువును డొక్కల కరువని ఇప్పటికీ చెప్పుకుంటారు. కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరు జిల్లాలోనే అయిదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది దాకా పోయారని ఆనాటి అంచనా. నది పక్కనే ఉన్నా నీళ్లు పొలానికి ఎక్కే ఏర్పాటు లేక వచ్చిన చావులవి. సర్ ఆర్థర్ కాటన్ పట్టుదల ఫలించి బెజవాడ దగ్గర ఆనకట్ట 1855కు పూర్తయ్యాక, కాలవల నీటితో ఈ నేల వరిచేలయింది. అయినా 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరును ముంచినప్పుడు సుమారు 30,000 మంది చనిపోయారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి కూడా మన దేశంలో పుట్టిన బిడ్డ సగటు ఆయుష్షు 32 ఏళ్లు దాటలేదు. పుట్టినవాళ్లలో ఎంతమంది నలభై చూస్తారో తెలియని కాలంలో నలభై దాటిన మనిషి ముఖం మీది ముడతలు జాలిపడవలసినవి కావు. అరవై నిండితే షష్టిపూర్తి చేసి, పెళ్లినాటి దంపతుల్లా మళ్లీ పీటల మీద కూర్చోబెట్టే ఆచారం వెనక ఉన్నది కూడా ఈ ఎరుకే. అది పోయిన యవ్వనాన్ని నటించడం కాదు, వచ్చిన వయసును నలుగురిలో గుర్తించడం.

ఇరవయ్యో శతాబ్దంలో కూచిపూడి మనుషులు ఈ ఎరుకను రకరకాలుగా చూపించారు. 1860లో పుట్టి 1949 దాకా జీవించిన చింతా వెంకటరామయ్య యక్షగానాలను క్రమబద్ధం చేసి మేళాన్ని నిలబెట్టారు. 1886లో పుట్టిన వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి అభినయంలో సాటిలేనివాడనిపించుకుని, ఒక్కరే చేసే నృత్యానికి దారి వేసి, స్త్రీలకు నేర్పడానికి ముందుకొచ్చారు. 1929లో పుట్టిన వెంపటి చినసత్యం మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, తాను ఆడటం కన్నా ఆడించడంలో తన వయసును వెచ్చించారు. ఆయన నృత్యనాటకాలు, ఆయన శిష్యులు ఈ విద్యను ఖండాలు దాటించారు. 1935లో పుట్టిన వేదాంతం సత్యనారాయణశర్మ దారి వేరు. సత్యభామగా, ఉషగా, మోహినిగా ఆయన దశాబ్దాల పాటు రంగం మీదే నిలిచారు. చినసత్యం వేషం విప్పి గురువయ్యారు, సత్యనారాయణశర్మ వేషంతోనే గురువయ్యారు. ఇద్దరూ 2012లోనే కన్నుమూశారు. పెద్దతనం అంటే ఒకే దారి అని ఈ చరిత్ర చెప్పడం లేదు. ఉన్న వయసును అడ్డంకిగా కాక పనిముట్టుగా పట్టుకున్నవాళ్లకు దారులు చాలా ఉన్నాయనే చెబుతోంది.

ఇది కూచిపూడికే పరిమితం కాదని పామర్రు చుట్టుపక్కల ఊళ్లు సాక్ష్యం చెబుతాయి. పామర్రు మండలంలోని ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. ఇవాళ తెలుగువాళ్లు ఆయనను తలుచుకునేది మాత్రం అంతకన్నా ఆలస్యంగా చేసిన పనులకే. ఆంధ్రపత్రికను వారపత్రికగా 1908లో స్థాపించేసరికి ఆయనకు నలభై దాటాయి, 1924లో ‘భారతి’ మొదలయ్యేసరికి యాభై ఆరు నిండాయి. అదే మండలంలోని నిమ్మకూరులో 1923లో పుట్టిన నందమూరి తారకరామారావు ‘నర్తనశాల’లో బృహన్నల పాత్ర కోసం నలభైకి చేరువలో కూచిపూడి గురువు దగ్గర నాట్యం నేర్చుకున్నారు. ఆ సినిమా 1963లో విడుదలైంది. అప్పటికే తిరుగులేని కథానాయకుడైన మనిషి కొత్త విద్యార్థిలా అడుగులు దిద్దుకోవడంలో పెద్దతనపు ఫలం ఒకటి కనిపిస్తుంది. చిన్నప్పుడు చదువు మనకు పెద్దలు పెట్టేది, పెద్దయ్యాక చదువు మనం కోరి తెచ్చుకునేది. రెండోదాంట్లో ఉన్న స్వేచ్ఛ మొదటిదాంట్లో లేదు.

ఈ వాదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. భాగవతుల మేళంలో వయసుకు దక్కిన గౌరవం ఒక కులానికి, అందులోనూ మగవాళ్లకే దక్కింది కదా అని. నిజం, దాన్ని దాటేయకూడదు. కూచిపూడి ఆడపిల్లలకు తమ ఊరి విద్య చాలాకాలం చూసేదే గానీ ఆడేది కాలేదు. ఇంకోవైపు, కూచిపూడికి దాపునే ఉన్న మొవ్వ పేరుతో ముడిపడిన క్షేత్రయ్య పదాలను తరతరాలుగా పాడి, అభినయించి బతికించినవాళ్లు కళావంతుల స్త్రీలు. భామాకలాపం వాళ్లూ ఆడేవారు. విళంబంగా సాగే ఆ పదాలు జీవితం చూసిన స్త్రీ గొంతులో, కూర్చున్నచోటే కదిలే కనుబొమలో పలికేవి. సంస్కరణోద్యమం, 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఒక దుర్మార్గపు కట్టును తెంచాయి. అది తెగవలసిందే. కానీ దానితోపాటు విద్య పండిన వయసులో ఉన్న ఎందరో కళావంతులు సభలో చోటు కోల్పోయారు. తర్వాత నటరాజ రామకృష్ణ వంటివాళ్లు ఆ వృద్ధ కళాకారిణుల ఇళ్లకు వెళ్లి నేర్చుకుని, ఆ సంపదలో కొంత మిగిల్చారు. ఈ అన్యాయం నా వాదాన్ని కొట్టేయదు. మనిషి దగ్గర నుంచి తీసేసుకోగల గొప్ప ఆస్తుల్లో పండిన వయసు చేసే పని ఒకటని అది రుజువు చేస్తుంది. ఫలం కొందరికే పంచారన్నది ఫలాన్ని కాదనడానికి కారణం కాకూడదు, అందరికీ పంచడానికి కారణం కావాలి.

నాట్యానికి పడుచు దేహం కావాలి కదా, మోకాళ్లు సహకరించని వయసులో ఫలమేమిటన్నది రెండో అభ్యంతరం. దేహం తగ్గుతుంది, ఆ మాట దాచడంలో అర్థం లేదు. జతులకు, గంతులకు, పళ్లెం మీది నడకకు పడుచుతనమే తగును. అయితే కూచిపూడి పాత సంప్రదాయంలో నృత్తం ఒక పాలు మాత్రమే. వాచికం, సంగీతం, అభినయం మిగతా పాళ్లు. పాలు పట్టిన వరికంకి పచ్చగా, నిటారుగా ఉంటుంది, అన్నమయ్యేది మాత్రం పండి వంగిన కంకే. మన కాలం పచ్చదనాన్నే అందమనుకుని, చిన్నపిల్లల అరంగేట్రాలకు, వేలమంది ఒకేసారి ఆడే రికార్డు ప్రదర్శనలకు చప్పట్లు కొడుతోంది. చదువో, ఉద్యోగమో, పెళ్లో అడ్డొచ్చి గజ్జెలు పెట్టెలో పెట్టేసిన ఆడపిల్లలకు, అసలు రసం పలికే వయసు అప్పుడే మొదలవుతోందని చెప్పేవాళ్లు తక్కువ. పదేళ్ల పిల్ల భామ వేషంలో ముద్దుగా ఉంటుంది. ముప్ఫై అయిదేళ్ల స్త్రీ అదే వేషం కడితే ఆ లేఖలో ప్రతి మాటకూ తూకం వస్తుంది.

మూడో అభ్యంతరం బతుకుతెరువుది. ఇంటి అప్పులు, పిల్లల ఫీజులు, ముసలి తల్లిదండ్రుల మందులు మోస్తున్న మనిషికి పెద్దతనం ఫలమా, బరువా? భాగవతులకూ ఈ బరువు కొత్త కాదు. అగ్రహారం ఉన్నా ఆట ఆడితేనే గింజలు. కోతలయ్యాక ఊళ్లు పట్టి తిరగడం, ఇల్లు వదిలి నెలలు గడపడం, రాబడి లేని రోజుల్లో మద్రాసు సినిమా వైపు చూడటం వాళ్లకు తప్పలేదు. ‘దేవదాసు’ దర్శకుడు వేదాంతం రాఘవయ్య, ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి ఈ ఊరి నుంచి అలా వెళ్లినవాళ్లే. బరువు లేకపోవడం వల్ల వాళ్లకు ఫలం దక్కలేదు. మోస్తున్న బరువునే విద్యగా మలుచుకోవడం వల్ల దక్కింది. మేళాన్ని పోషించడం, పిల్లలకు నేర్పడం, సభను రంజింపజేయడం సూత్రధారుడికి వేర్వేరు పనులు కావు. ఒకరు మన మీద ఆధారపడటంలో అలసట ఉంది, దానితోపాటే మనం అవసరమైన మనుషులమన్న తృప్తీ ఉంది. పసివాడికి ఎన్ని ఆటలున్నా ఈ తృప్తి తెలియదు. మాట ఇచ్చి నిలబెట్టుకోవడం, తప్పును సరిదిద్దే అధికారం ఉండటం, ఎవరికి ఏమివ్వాలో మనమే తేల్చుకోవడం, ఒక మనిషితో పాతికేళ్లు కలిసి బతికి ఆ మనిషి మౌనాన్ని చదవగలగడం పెద్దవాళ్లకు మాత్రమే దొరికే సుఖాలు. వీటిని బాధ్యతలన్న ఒక్క ఖాతాలో రాసి పక్కన పెడుతున్నాం గనుక వీటి రుచి మనకు తెలియడం లేదు.

గతాన్ని ప్రేమించడం తప్పు కాదు, రేపటికి దాచుకోవడమూ తప్పు కాదు. కూచిపూడి తన గతాన్ని మనకన్నా ఎక్కువగానే ప్రేమించింది, తర్వాతి తరానికి దాచిపెట్టింది కూడా. అయితే ఆ ప్రేమను, ఆ దాపును నడిపించినవాళ్లు తమ వయసు తమకిచ్చిన వేషాన్ని ఏడవకుండా కట్టుకున్న పెద్దవాళ్లు. ప్రహ్లాదుడి వేషం చిన్నదైపోయిన రోజున దాన్ని తమ్ముడికి ఇచ్చేసి భామ వేషం అందుకున్నారు. తర్వాత భామ వేషాన్ని శిష్యుడికి దిద్ది తాళం అందుకున్నారు. ప్రతి మార్పులో ఒకటి వదులుకోవలసి వచ్చింది, ప్రతి మార్పులో మునుపు లేనిది ఒకటి చేతికొచ్చింది. మన బతుకులకూ ఈ క్రమం వర్తిస్తుంది. నలభై ఏళ్ల మనిషి తన పదేళ్ల ఫొటోను చూసి నిట్టూర్చడానికి, అరవయ్యో ఏట మొదలుపెడదామనుకున్న సుఖాల జాబితా రాసుకోవడానికి వెచ్చించే కాలంలో, నలభైలో మాత్రమే చేయగల పని ఒకటి జరగకుండా పోతోంది. ఆ పని పాటైనా కావచ్చు, చదువైనా, పిల్లలతో కబురైనా, పక్కవాడికి చేసే సాయమైనా కావచ్చు. దాన్ని ఈ ఏడాదే, ఈ వయసు తెలివితోనే చేయాలి.